మొహం మారినా ఫర్వాలేదు, మనిషి మారకూడదు

పోయిన సంచికలో ఈ శీర్షిక చివర "మీకు బాగా నచ్చిన సీరియల్ గురించి రాయండి, అడగాల్సినవి ఉంటే అడగండి" అని ఒక్క ముక్క వేశాం. కార్డులు వచ్చాయి, కవర్లు వచ్చాయి, నోట్‌బుక్ కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినవాళ్లున్నారు, ఒకావిడ అయితే పన్నెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు. అన్నీ చదివాను, విన్నాను. అందులోంచి కొన్ని ఇవి.

ప్ర: అక్కా, చిన్నప్పటి నుంచీ సీరియళ్లు చూస్తున్నానని రాస్తుంటారు కదా. అన్నిట్లోకీ ఒక్కటే చెప్పమంటే ఏది చెబుతారు? నాలుగు పేర్లు చెప్పి తప్పించుకోవద్దు. (ఒక గృహిణి, నంద్యాల)

జ: అమృతం. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. 2001 నవంబర్ 18న జెమినీలో మొదలై, సరిగ్గా ఆరేళ్లకి 2007లో అదే తేదీన ముగిసింది, మొత్తం 313 ఎపిసోడ్లు, గుణ్ణం గంగరాజు గారి సంస్థ తీసింది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చేది. మా ఇంట్లో ఆ ఒక్క రోజు వంట ఎనిమిదికల్లా అయిపోవాలి. మా నాన్న వారమంతా ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి, ఆ రోజు మాత్రం కంచం పట్టుకుని ముందు గదిలోకి వచ్చి కూర్చునేవారు. తెర మీద ఇంటి ఓనరు అప్పాజీ అద్దె కోసం వచ్చాడంటే చాలు, నోటిదాకా తీసుకెళ్లిన ముద్దని మళ్లీ కంచంలో పెట్టేసేవారు, నవ్వితే పొలమారుతుందని. ఆయన అలా ముద్ద దించడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది.

కథగా చెప్పాలంటే రెండు ముక్కలు. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు ఒక హోటల్ పెట్టుకుంటారు, దాన్ని సరిగ్గా నడుపుకోవడం మానేసి తొందరగా డబ్బు చేసుకునే దారి వెతుక్కుంటారు, వారం వారం దెబ్బ తింటారు. అంతే. కానీ ఒక సంగతి గమనించారా, ఆ ఆరేళ్లలో అమృతరావు పాత్ర ముగ్గురు వేశారు. మొదట శివాజీ రాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. మనిషి మారిన మొదటి వారం కాస్త ఎబ్బెట్టుగా ఉండేది, "ఈయనేంటి" అనుకునేవాళ్లం, రెండో వారానికి మర్చిపోయేవాళ్లం. ఎందుకంటే మొహం మారిందిగానీ అమృతరావు మారలేదు. అదే ఆశ, అదే బద్ధకం, చెయ్యి కదపకుండా లక్షలు వచ్చే ఉపాయం తట్టగానే కళ్లలో అదే వెలుగు. పక్కన ఆంజనేయులు అదే తిట్టు తిట్టి, అదే గోతిలో వాడితో పాటే దిగడం. అప్పాజీగా శివన్నారాయణ, హోటల్లో పనిచేసే సర్వంగా వాసు ఇంటూరి, వాళ్లూ అంతే, మూడొందల ఎపిసోడ్లలో ఒక్కసారి కూడా "వీడు ఇలా చెయ్యడే" అనిపించలేదు నాకు. ఆ రోజు నుంచీ ఏ సీరియల్ చూసినా నేను చూసేది అదే. కథ ఎంతైనా లాగండి, ఓపిక పడతాను. మనిషిని మార్చేస్తే మాత్రం నా వల్ల కాదు.

ఒక్క చోట మాత్రం నా మాట నాకే అడ్డం వస్తుంది. 2020 ఉగాదికి దానికి కొనసాగింపుగా అమృతం ద్వితీయం అని జీ5లో వచ్చినప్పుడు ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ గారు వేశారు. ఆయన ఎంత పెద్ద నటులో అందరికీ తెలుసు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. అమృతంలో ఆంజనేయులుగా వేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు, ఆంజనేయులు నాకు అక్కడే ఆగిపోయాడు. సిరివెన్నెల గారు రాసి కల్యాణి మాలిక్ స్వరపరిచిన ఆ టైటిల్ పాట ఎక్కడ వినపడినా ముందు ఆయన మొహమే గుర్తొస్తుంది.

ప్ర: మేడమ్, నేను ఐటీ కంపెనీలో చేస్తాను. మా టీమ్‌లో లంచ్‌కి కూర్చుంటే అందరూ ఇంగ్లిష్ వెబ్ సిరీస్‌ల గురించే మాట్లాడతారు. నేను రోజూ రాత్రి ఫోన్‌లో తెలుగు సీరియల్ చూస్తానని చెప్పాలంటే నామోషీగా ఉంటుంది. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జ: వాళ్లు చూసేవి కూడా సీరియళ్లేనమ్మా. సీజన్ అన్నా, ఎపిసోడ్ అన్నా, "తర్వాత ఏమవుతుందో" అని రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవడమే.

2008 నుంచి 2013 దాకా జెమినీలో మొగలిరేకులు వచ్చిన రోజుల్లో కొన్నాళ్లు నేను విజయవాడలో లేడీస్ హాస్టల్లో ఉన్నాను. కింద హాల్లో ఒకే టీవీ. బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లు, నర్సులు, బట్టల షాపులో పనిచేసే అమ్మాయిలు, ఒక లెక్చరర్ గారు, అందరం అందులో హీరో ఆర్కే నాయుడి కోసం ఆ గచ్చు మీదే కూర్చునేవాళ్లం. లెక్చరర్ గారు పగలంతా స్టూడెంట్ల చేత ఇంగ్లిష్ పద్యాలు చెప్పించి వచ్చి మాతో పాటు "అయ్యో నాయుడూ, వెళ్లకయ్యా అటు" అనేవారు. ఆవిడకి ఏ నామోషీ ఉండేది కాదు. ఆ పాత్ర వేసిన సాగర్‌ని జనం ఇప్పటికీ ఆర్కే నాయుడనే అంటారంటే, ఆ పాత్ర ఎంత గట్టిగా నిలబడిందో చూడండి. రేపు లంచ్‌లో సీరియల్ పేరు చెప్పకండి, మీకు నచ్చిన ఒక్క సీను చెప్పండి. ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పండి. "తర్వాత ఏమైంది" అని వాళ్లే అడుగుతారు.

ప్ర: ఒక్క డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే తేలిపోయే కథని కార్తీక దీపంలో ఐదేళ్లు లాగారు. డాక్టర్ బాబు స్వయానా డాక్టరు, ఆ మాత్రం తెలీదా? తిట్టుకుంటూనే మా ఆవిడ ఒక్క ఎపిసోడ్ వదల్లేదు. ఎందుకో మీరైనా చెప్పండి. (ఒక రిటైర్డ్ ఉద్యోగి, కరీంనగర్)

జ: మీ ఆవిడ ఎందుకు చూశారో నేను చెప్పగలనండీ, నేనూ అందుకే చూశాను.

2017 అక్టోబర్‌లో స్టార్ మాలో మొదలైంది, 2023 జనవరి 23న ముగిసింది, పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు. కథ మనది కాదు, మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన కరుత్తముత్తుకి రీమేక్. అక్కడా ఇక్కడా నాయిక ప్రేమీ విశ్వనాథే, ఇక్కడ పాత్ర పేరు దీప. నల్లగా ఉందని పుట్టింట్లో మాటలు పడింది, అత్తగారింట్లో మాటలు పడింది, విలన్ మోనిత చెప్పిన అబద్ధం నమ్మి మొగుడు కార్తీక్, అదే మీరన్న డాక్టర్ బాబు, అనుమానిస్తే కడుపుతో బయటికి నడిచింది, వంటలు చేసి అమ్మి పిల్లని పెంచుకుంది. వంటలక్క అన్న పేరు అలా వచ్చిందే. మన ఊళ్లలో రంగు గురించి మాట పడని ఆడపిల్ల ఉందా? పెళ్లిచూపుల పొద్దున మా పిన్ని కూతురికి వాళ్లమ్మ పౌడరు మీద పౌడరు వేస్తుంటే గుమ్మంలో నిలబడి చూసినదాన్ని నేను. ఆ పిల్ల రోజూ ఏడున్నరకి మా ఇంటికొచ్చి సీరియల్ చూసేది. దీప ఎవరికైనా ఎదురు తిరిగి సమాధానం చెప్పే సీను వస్తే పైకి ఒక్క మాట అనేది కాదు. రిమోట్ తీసుకుని సౌండు రెండు పాయింట్లు పెంచేది, సీను అయిపోగానే మళ్లీ తగ్గించేది. మీ ఆవిడ కూడా ఏదో ఒక సీనులో అలా సౌండు పెంచే ఉంటారు. ఈసారి అడిగి చూడండి.

ఆ సీరియల్ మీద నాకు మొదటి ఫిర్యాదు కూడా ఇక్కడే. నలుపు గురించి కథ చెబుతూ, నల్లగా లేని అమ్మాయికి మేకప్‌తో రంగు పులమడం ఏమిటి? ప్రేమీ విశ్వనాథ్ బాగా చేసింది, ఆ పాత్ర నిలబడింది ఆమె కళ్ల వల్లే, అందులో సందేహం లేదు. కానీ నిజంగానే ఆ రంగున్న అమ్మాయికి ఆ చోటు దొరికి ఉంటే మా పిన్ని కూతురికి ఎలా ఉండేదో అనిపిస్తుంది.

ఇక డీఎన్ఏ సంగతి. తనకి పిల్లలు పుట్టరని మోనిత నమ్మించింది కాబట్టి డాక్టర్ బాబు నమ్మాడు, అది మొదట్లో ఒప్పుకోదగ్గ కారణమే. తర్వాత తర్వాత మాత్రం అది కథ కాదు, లెక్క. వారం వారం గురువారం నాడు, ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ వాళ్ల రేటింగులు వస్తాయి. తెలుగులో పైనున్న సీరియల్‌కి ముడి విప్పేస్తే వచ్చే గురువారం ఏమవుతుందోనని అందరికీ భయమే. పైగా ఏడున్నర స్లాటులో రూలు ప్రకారం ప్రకటనలకి గంటకి పన్నెండు నిమిషాలు, అంటే అరగంటలో ఆరు పోయాయి. నిన్నటి కథ, టైటిల్, రేపటి ముక్క తీసేస్తే మిగిలేది ఇరవై నిమిషాలకి కాస్త అటూ ఇటూ. వారానికి ఆరు రోజులు అవి నింపాలి. అందుకే ఒక్క మాట అంటే ఆరు మొహాల మీదికి కెమెరా వెళ్తుంది.

ఈ లాగుడు నేను భరించాను. భరించలేకపోయింది 2022లో. దీపని, కార్తీక్‌ని చంపేశామని చెప్పి పిల్లల్ని పెద్దవాళ్లని చేసి కథ నడిపారు, జనం ఒప్పుకోలేదు, కొన్ని నెలలకి ఆ ఇద్దర్నీ మళ్లీ తెచ్చారు. బతికి రావడం కూడా సరే అనుకున్నాను. వచ్చినావిడ మాత్రం నా దీప కాదు. ఒంటి చేత్తో సంసారం లాక్కొచ్చిన మనిషి, గుమ్మం దాటితే వెనక్కి తిరిగి చూడని మనిషి, ఇప్పుడు మాటకి ముందే బతిమాలుతోంది, ఏడుస్తోంది. మా ఇంట్లో మా అమ్మ టీవీ ముందు కూర్చుని "దీప అయితే ఇలా చెయ్యదు" అంది. రాసినవాళ్ల కన్నా దీప ఎవరో మా అమ్మకే బాగా తెలుసని ఆ రోజు నాకనిపించింది. 2024 మార్చిలో అదే జంటతో కొత్త కథ మొదలుపెట్టారు, పేరు అదే, మనుషులు వేరు. అలా కొత్తగా మొదలుపెట్టడమే మేలు.

ప్ర: నేను డాలస్‌లో ఉంటాను, అమ్మ గుంటూరులో. అమ్మతో మాట్లాడటానికి "తిన్నావా, పడుకున్నావా" తప్ప ఏమీ ఉండటం లేదని ఆమె చూసే సీరియల్ నేనూ చూడటం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే నాకు ఆ సీరియల్ నచ్చడం లేదు. మానేయనా? (ఒక పాఠకురాలు, అమెరికా)

జ: మానకండి, అలాగని నచ్చినట్టు నటించకండి. అమ్మకి ఏడున్నర అయ్యేసరికి మీకు పొద్దున ఎనిమిదో తొమ్మిదో అవుతుంది, టైము మార్చుకునే కాలాన్ని బట్టి. పనికి బయల్దేరే వేళ. ఆ ఎపిసోడ్ మొత్తం చూడాల్సిన పని కూడా లేదు. "ఆ కోడలు నిన్న ఎందుకలా అంది, నాకు ఒళ్లు మండింది" అని అడగండి. మీకు నచ్చలేదంటే అమ్మ ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది, కోడల్ని వెనకేసుకొస్తుంది, లేకపోతే మీ కన్నా ఎక్కువ తిడుతుంది.

నేను మా చెల్లితో మాట్లాడేది ఇలాగే. సీరియల్లో ఆడపడుచు గురించి మొదలుపెడితే పావుగంటకి తన సొంత ఆడపడుచు దగ్గరికి వస్తుంది. నేరుగా "మీ ఇంట్లో అంతా బాగుందా" అంటే మాత్రం "ఆ, బాగానే ఉంది" అని ఊరుకుంటుంది. గుంటూరులో మీ అమ్మ ఏ పాత్ర మీద ఎక్కువ జాలిపడుతోందో కాస్త చెవి పెట్టి వినండి. ఆవిడ మోకాళ్ల నొప్పి సంగతో, పక్కింటివాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన సంగతో ఆ మాటల్లోనే ఎక్కడో ఉంటుంది.

ప్ర: మా నాన్న ఎప్పుడూ "దూరదర్శన్ రోజులే రోజులు, ఇప్పుడేముంది చెత్త" అంటారు. నిజంగా అప్పటివి అంత బాగుండేవా? (డిగ్రీ విద్యార్థి, నల్గొండ)

జ: కొన్ని చాలా బాగుండేవి తమ్ముడూ, కొన్ని ఇప్పుడు చూస్తే పది నిమిషాలు కూర్చోలేం. ఒకటే చానల్ కాబట్టి ఏది వేస్తే అది చూశాం. ఇది మీ నాన్నగారు కూడా కాదనరు.

రామాయణ్ 1987 జనవరి 25న మొదలైంది, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి, 78 ఎపిసోడ్లు, ఆ తర్వాతి సంవత్సరం గాంధీ జయంతి నాడు మహాభారత్ మొదలైంది, అది 94. అన్నీ హిందీలో. మా ఊళ్లో హిందీ వచ్చినవారు ఒక్కరే, మా పెద్దమామయ్య, నాగ్‌పూర్‌లో రైల్వేలో చేసి రిటైరై వచ్చారు. టీవీ మా ఇంట్లో, చుట్టూ ముప్పై నలభై మంది, మామయ్య టీవీ పక్కనే కుర్చీ వేసుకుని తెర వైపు చూడకుండా మా వైపు తిరిగి కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పేవారు. కైకేయి వరాలడిగిన రోజు దశరథుడు మాట పెగలక అలా చూస్తూ ఉండిపోతే, మామయ్య మెల్లిగా "కైకా, నువ్వడిగింది ఇస్తాను, కానీ రేపటి నుంచి ఈ ఇంట్లో నిద్ర పట్టనిది నీకే" అన్నారు. మా అమ్మమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్లీ వేసినప్పుడు ఆ ఎపిసోడ్ కోసం కాచుకుని కూర్చున్నాను, ఇప్పుడు నాకూ హిందీ వచ్చు. ఎంత చెవి పెట్టినా ఆ మాట రాలేదు. దశరథుడి మౌనానికి మాట మా మామయ్యే పెట్టారు. నా చిన్నప్పటి రామాయణం సగం రామానంద్ సాగర్ గారిది, సగం మామయ్యది అని నలభై దాటాక తెలిసింది నాకు. మీ నాన్నగారు "రోజులే రోజులు" అంటున్నప్పుడు ఆయన పక్కన అప్పుడు ఎవరు కూర్చునేవారో అడిగి చూడు.

తెలుగులో అయితే దూరదర్శన్‌లో వచ్చిన ఋతురాగాలు గురించి మా తరం ఆడవాళ్లెవర్నైనా అడుగు, పాట అందుకుంటారు. తీసింది మంజులా నాయుడు గారు. అప్పటిది మంచిది, ఇప్పటిది చెత్త అని గీత గీయలేమని చెప్పడానికి ఆవిడే సాక్ష్యం, తర్వాత జెమినీలో చక్రవాకం, మొగలిరేకులు తీసిందీ ఆవిడే. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చాక అన్వేషిత వచ్చింది, అచ్యుత్, యమున. రాత్రిపూట ఆ సీరియల్ చూసి పెరట్లోకి వెళ్లాలంటే నాకు తోడు కావాల్సి వచ్చేది. అచ్యుత్ గారు 2002లో హఠాత్తుగా పోయారన్న వార్త విన్న రోజు మా అమ్మ రాత్రి అన్నం తినలేదు. రాజమౌళి గారు మొదట మెగాఫోన్ పట్టింది కూడా సినిమాకి కాదు, ఈటీవీ శాంతి నివాసం సీరియల్‌కి, ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పు, సంతోషిస్తారు.

ప్ర: మనం చూసే హీరోయిన్లలో చాలామందికి తెలుగు రాదని, గొంతు వేరేవాళ్లదని ఈ మధ్యే తెలిసింది. మోసపోయినట్టు అనిపించింది. (ఒక పాఠకుడు, ఏలూరు)

జ: నాకు అలా అనిపించదండీ. చాలామంది నాయికలు కన్నడం వైపు నుంచి వస్తున్నారు, కేరళ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. సెట్లో ఎవరో పక్కనుంచి డైలాగు అందిస్తుంటే, అర్థం కనుక్కుని, కళ్లలో నీళ్లు సరైన మాట దగ్గర తెచ్చుకోవాలి. అది చిన్న పనా? తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఒక తెలుగమ్మాయి ఆ పెదాల కదలికకి మాటని సరిపెట్టి, ఏడుపుని, ఊపిరిని కూడా మళ్లీ తను ఇవ్వాలి. మనం ఒక మనిషి అనుకుని ప్రేమించింది ఇద్దర్ని.

నా బాధ వేరే. ఆ రెండో మనిషి పేరు మనకి తెలీదు. టైటిల్స్‌లో వేసినా కళ్లు మూసి తెరిచేలోగా వెళ్లిపోతుంది. ఒక సీరియల్లో నాలుగేళ్లు విన్న గొంతు హఠాత్తుగా మారిపోయింది ఒకసారి, నటి అదే, మొహం అదే. నాకు వారం పాటు ఆ పాత్ర పరాయిదానిలా తోచింది, ఇంట్లో చెబితే ఎవరికీ అర్థం కాలేదు. నంద్యాల పాఠకురాలికి మొహం మారితే ఫర్వాలేదని రాశాను కదా, గొంతు మారితే మాత్రం ఫర్వా ఉందేమో.

ప్ర: విలన్ పాత్ర కనపడితే చాలు, నాకు టెన్షన్‌తో గుండె దడగా ఉంటోంది. రాత్రి నిద్ర పట్టడం లేదు. (ఒక పాఠకురాలు, అనంతపురం)

జ: దడ మాటకి ముందు డాక్టర్‌కి చూపించుకోండి, సీరియల్ వల్లేనని మీకు మీరే తేల్చుకోవద్దు. సీరియల్ మాత్రం పగటిపూట రిపీట్‌లో చూడండి.

ప్ర: నేను కొరియన్ డ్రామాలు చూడటం మొదలుపెట్టాక తెలుగు సీరియల్ చూడలేకపోతున్నాను. పదహారు ఎపిసోడ్లలో కథ చెప్పేస్తారు. మనవాళ్లకి ఎందుకు చేతకాదు? (ఒక ఉద్యోగిని, బెంగళూరు)

జ: చేతకాక కాదమ్మా. వాళ్లకి సాధారణంగా వారానికి రెండు ఎపిసోడ్లు, ముగింపు ఎప్పుడో ముందే తెలుసు. మనది రోజువారీ సరుకు, ముగింపు రేటింగ్ చేతిలో ఉంటుంది. ఒకే మనిషికి ఈ రెండు పనులూ ఇచ్చి చూడండి, రెండు రకాలుగానే రాస్తాడు.

నేనూ చూశాను కొన్ని. నా మనసుకి దగ్గరైంది రిప్లై 1988, 2015లో వచ్చింది, ఇరవై ఎపిసోడ్లు, ఒక్కోటీ గంట దాటే ఉంటుంది. సియోల్‌లో ఒక సందు, ఐదు కుటుంబాలు. మొదట్లోనే ఒక సీనుంది, ఇంట్లో రెండో అమ్మాయి పుట్టినరోజు ఎప్పుడూ అక్క పుట్టినరోజుతో కలిపి ఒకే కేకుతో కానిచ్చేస్తారు, ఆ పిల్ల ఆ సారి తట్టుకోలేక ఏడ్చేస్తుంది. రాత్రి తండ్రి సందు మొదట్లో కూర్చుని, ఒక చిన్న కేకు చేతిలో పెట్టుకుని, నాన్నగా ఉండటం నాకూ ఇదే మొదటిసారి కదా, తెలీలేదు అన్నట్టు చెబుతాడు. ముగ్గురాడపిల్లల ఇంట్లో నడిమిదాన్ని నేను, అక్క లంగా ఓణీలు, అక్క పుస్తకాలు, అక్క సైకిలు. ఆ సీను దగ్గర ఆపేసి కాసేపు వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. అందులో తండ్రి చివరిదాకా అలాగే ఉంటాడు, డబ్బు దగ్గర మొహమాటం, తాగితే బేలతనం, పిల్లల దగ్గర మాట రాకపోవడం, ఎక్కడా కథ కోసం అతన్ని వేరే మనిషిని చెయ్యలేదు. మీకు కొరియన్ డ్రామాలు నచ్చింది పదహారు ఎపిసోడ్ల వల్ల కాదేమో, దీనివల్లేమో చూసుకోండి. ఎందుకంటే మన అమృతం 313 వారాలు వచ్చినా అదే నిజం.

ప్ర: అమ్మ పోయి నాలుగు నెలలైంది. నాన్న జీవితంలో ఎప్పుడూ సీరియల్ చూడలేదు, అమ్మ చూస్తుంటే విసుక్కునేవారు కూడా. ఇప్పుడు రోజూ ఆ టైముకి టీవీ పెట్టుకుని అమ్మ చూసే సీరియలే చూస్తున్నారు. మధ్యలో పిలిచినా పలకరు. మేం ఏమైనా అనాలా, టీవీ కట్టేసి బయటికి తీసుకెళ్లాలా? (ఒక పాఠకుడు, వరంగల్)

జ: కట్టేయకండి.

మా మేనత్త ఈటీవీ అభిషేకం మొదటి రోజు నుంచి చూసింది. 2008 చివర్లో మొదలై 2022 ఫిబ్రవరి దాకా, నాలుగు వేల ఎపిసోడ్లు. ఆ మధ్యలో ఆవిడ ఇద్దరు కూతుళ్లకి పెళ్లిళ్లయ్యాయి, మావయ్యకి బైపాస్ అయింది, ఇల్లు మారారు. సీరియల్ అయిపోయిన రోజు సాయంత్రం నాకు ఫోన్ చేసి కథ గురించి ఏమీ మాట్లాడలేదు, "ఆ ఇంట్లో మొదలుపెట్టాను, ఈ ఇంట్లో అయిపోయింది" అంది. అన్నేళ్లు ఒకే వేళకి చూసినదాన్లో కథ ఎంతో, ఆవిడ సొంత రోజులు ఎంతో విడదీయడం నాకు చేతకాదు. మీ అమ్మగారి రోజులు కూడా ఆ అరగంటలో ఉన్నాయి, నాన్నగారు వెళ్లి కూర్చుంటున్నది అక్కడే అనిపిస్తోంది నాకు. అప్పుడు విసుక్కున్నారు కాబట్టి ఇప్పుడు ఇంకా శ్రద్ధగా చూస్తున్నారేమో.

అన్నం సరిగ్గా తింటున్నారా, రాత్రి పడుకుంటున్నారా, పొద్దున ఎప్పట్లా బయటికి వెళ్లి నలుగురితో మాట్లాడుతున్నారా, అవి గమనించండి. వాటిలో తేడా ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అవి బాగుంటే ఈ అరగంట ఆయనకి వదిలేయండి. వీలైతే మీరూ వెళ్లి కూర్చోండి. మధ్యలో పలకరించకండి, ప్రకటనలు వచ్చినప్పుడు "ఈవిడ ఎవరు నాన్నా, ముందు నుంచీ ఉందా" అని అడగండి. మొదటి రోజు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటారు. నాలుగో రోజుకో ఐదో రోజుకో "మీ అమ్మ దీన్ని మొదటి నుంచీ నమ్మలేదురా" అంటారు చూడండి. అమ్మ కూర్చునే కుర్చీ ఉంటుంది కదా, అందులో మాత్రం కూర్చోకండి. కింద చాప వేసుకోండి, ఆయనే పైకి రమ్మంటారు.